లండన్ టీరూములో ఆఫ్టర్‌నూన్ టీ: బుకింగ్ నుంచి చివరి కప్పు దాకా

లండన్ వచ్చే తెలుగువాళ్లు చూడాల్సినవాటిలో టవర్ బ్రిడ్జి, బకింగ్‌హామ్ ప్యాలెస్ తర్వాత ఇప్పుడు ఆఫ్టర్‌నూన్ టీ కూడా చేరింది. అంటే మధ్యాహ్నం టీతో పాటు శాండ్‌విచ్‌లు, స్కోన్లు అనే చిన్న బన్నులాంటివి, కేకులు తినడం. పిల్లల గ్రాడ్యుయేషన్‌కి వచ్చిన అమ్మానాన్నలు, కొత్తగా పెళ్లయినవాళ్లు, ఆఫీసు పని మీద వచ్చి ఒక శనివారం ఖాళీ దొరికినవాళ్లు, అందరూ వెళ్తున్నారు. మూడంతస్తుల స్టాండు టేబుల్ మీదికి రాగానే ఫొటోలు తీసుకుంటారు, కేకులు తింటారు, గంటలోపే లేచి వచ్చేస్తారు. టీ మాత్రం సగం కప్పు అలాగే చల్లారిపోయి ఉంటుంది. అది చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పేరులోనే టీ ఉంది. ఆ డబ్బుకి వచ్చేవాటిలో అన్నిటికన్నా మంచి సరుకు ఆ టీపాట్‌లోనే ఉంటుంది. అస్సాం, డార్జిలింగ్ తోటల్లో తయారయ్యే మేలు రకం ఆకు మన ఊళ్ల కిరాణా షాపుల్లో కనపడదు. దాన్ని రుచి చూడటానికి ఇదొక మంచి అవకాశం. అందుకే ఈ గైడ్‌లో మిగతా అన్నిటికంటే టీ గురించే ఎక్కువ చెప్తాను.

ఇది ఎలా మొదలైంది

1660లలో ఇంగ్లండ్ రాణిగా వచ్చిన పోర్చుగీసు రాకుమారి కేథరిన్ ఆఫ్ బ్రగాంజా వల్ల రాజాస్థానంలో టీ తాగడం ఫ్యాషన్ అయింది. కానీ అప్పుడు అది చైనా నుంచి వచ్చే ఖరీదైన సరుకు. పెట్టెకి తాళం వేసి, తాళంచెవి ఇంటి యజమానురాలి దగ్గర ఉంచుకునేవాళ్లు. టీ మీద పన్ను 100 శాతం దాటిపోయి దొంగరవాణా పెరిగిపోతే, 1784లో ప్రభుత్వం దాన్ని ఒక్కసారిగా 12.5 శాతానికి తగ్గించింది. టీ మామూలు జనం ఇళ్లలోకి రావడానికి అది పెద్ద కారణం.

మధ్యాహ్నం టీతో పాటు ఏదైనా తినడమనే అలవాటుకి 7వ బెడ్‌ఫర్డ్ డచెస్ అన్నా రస్సెల్ పేరు చెప్తారు. 1840 ప్రాంతంలో పెద్దింటివాళ్ల రాత్రి భోజనం ఎనిమిదింటి దాకా వెనక్కి జరిగింది. మధ్యాహ్నం తిన్నది కొంచెమే. సాయంత్రం నాలుగయ్యేసరికి ఆమెకి నీరసం వచ్చేది. గదిలోకి టీ, బ్రెడ్డు, వెన్న తెప్పించుకోవడం మొదలుపెట్టి, తర్వాత స్నేహితురాళ్లను కూడా పిలవసాగింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1839 జనవరిలో, అస్సాం టీ మొదటిసారి లండన్ వేలంలో అమ్ముడైంది. వచ్చినవి ఎనిమిది పెట్టెలే. కొన్ని దశాబ్దాలు తిరిగేసరికి బ్రిటిష్ కప్పులో చైనా టీని భారత్, సిలోన్ (ఇప్పటి శ్రీలంక) టీలు వెనక్కి నెట్టేశాయి. తోటల్లో ఆ ఆకు కోసిన కూలీలను ఎక్కడెక్కడి నుంచో తీసుకొచ్చి, బయటికి పోనివ్వని ఒప్పందాలతో కట్టిపడేశారు. ఈ అందమైన కప్పు వెనక ఆ చరిత్ర కూడా ఉంది.

టీరూములు వచ్చింది ఆ తర్వాత. 1864లో ఏరేటెడ్ బ్రెడ్ కంపెనీ లండన్‌లో టీషాపు తెరిచింది. 1894లో లయన్స్ కంపెనీ పికడిల్లీలో మొదలుపెట్టింది. మగతోడు లేకుండా ఆడవాళ్లు బయట కూర్చుని తినగలిగే మర్యాదైన చోట్లు ఆ రోజుల్లో చాలా తక్కువ. టీరూములు ఆ లోటు తీర్చాయి. ఓటు హక్కు కోసం పోరాడిన మహిళలు వాటిలోనే కలుసుకునేవాళ్లు. నాకు డచెస్ కథ కంటే ఇదే ఎక్కువ నచ్చుతుంది.

ఎక్కడికి వెళ్లాలి

ముందు బడ్జెట్ తేల్చుకోండి. రిట్జ్, క్లారిడ్జెస్, సవాయ్, బ్రౌన్స్, లాంగమ్ లాంటి పాత పెద్ద హోటళ్లలో మనిషికి 70 పౌండ్ల పైమాటే. షాంపేన్ కలిస్తే ఇంకా పెరుగుతుంది. 1906లో మొదలైన రిట్జ్‌లో పామ్ కోర్ట్ అనే హాలు అద్దాలు, బంగారు రంగు నగిషీలతో చూడముచ్చటగా ఉంటుంది, పియానో వినిపిస్తుంటుంది. జీవితంలో ఒక్కసారి, అదీ ఆడంబరంగా కావాలనుకుంటే అక్కడికే వెళ్లండి.

టీ రుచే ముఖ్యం అనుకునేవాళ్లకి నేను చెప్పేది పికడిల్లీలోని ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్. 1707 నుంచి ఉన్న దుకాణం. టీ అమ్మడమే వాళ్ల వ్యాపారం కాబట్టి మెనూలో టీల జాబితా పొడుగ్గా ఉంటుంది, వడ్డించేవాళ్లకి ఆ టీల గురించి తెలిసి ఉంటుంది. పైఅంతస్తులో ఉన్న టీ సెలూన్‌ని 2012లో ఎలిజబెత్ రాణి ప్రారంభించారు. ధరలో మాత్రం హోటళ్లకి ఏమాత్రం తీసిపోదు.

అంత ఖర్చు అక్కర్లేదనుకుంటే స్టాండు మొత్తం తీసుకోకుండా క్రీమ్ టీ తీసుకోండి. అంటే రెండు స్కోన్లు, జామ్, క్లాటెడ్ క్రీమ్ అనే మందపాటి మీగడ, ఒక పాట్ టీ. చాలా కేఫుల్లో, మ్యూజియంలలో దొరుకుతుంది, ఖర్చు అందులో నాలుగో వంతు కూడా కాదు. దక్షిణ కెన్సింగ్టన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం కేఫ్‌లో 1860ల నాటి టైల్స్, రంగుటద్దాల మధ్య కూర్చుని స్కోన్ తినొచ్చు. మ్యూజియంలోకి ప్రవేశం ఉచితం. పిల్లలతో వెళ్లినవాళ్లకి, మొదటిసారి రుచి చూద్దాం అనుకునేవాళ్లకి ఇది చాలు.

లండన్ దాటి వెళ్తున్నారా? యార్క్‌లో బెట్టీస్ ఉంది. 1919లో స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ఒక బేకర్ హారోగేట్‌లో మొదలుపెట్టిన సంస్థ అది. గ్లాస్గోలో మిస్ క్రాన్‌స్టన్ 1903లో తెరిచిన విల్లో టీరూమ్స్ ఉన్నాయి. గోడల నుంచి కుర్చీల దాకా అన్నీ ఆర్కిటెక్ట్ చార్లెస్ రెన్నీ మాకింటాష్ గీసిన డిజైన్లే. ఆ రెండు ఊళ్లకి వెళ్తే వాటిని వదలకండి.

ఒక చిన్న హెచ్చరిక. మన హోటళ్లలో దీన్నే హై టీ అంటారు. బ్రిటన్‌లో మాత్రం హై టీ అంటే పని నుంచి ఇంటికొచ్చినవాళ్లు సాయంత్రం తినే వేడి భోజనం. అందుకని బుక్ చేసేటప్పుడు ఆఫ్టర్‌నూన్ టీ అనే అడగండి.

బుకింగ్: శాకాహారులు ఇక్కడే జాగ్రత్తపడాలి

పెద్ద హోటళ్లలో వారాంతాలకి, డిసెంబరులో టేబుళ్లు వారాల ముందే అయిపోతాయి. వీసా వచ్చి, టికెట్లు తీయగానే బుక్ చేసేయడం మేలు. రిట్జ్‌లో పొద్దున 11.30 నుంచి రాత్రి 7.30 దాకా విడతలవారీగా కూర్చోబెడతారు. మామూలుగా ఒక్కో టేబుల్‌కి గంటన్నర నుంచి రెండు గంటలు ఇస్తారు. నా సలహా మధ్యాహ్నం రెండు, మూడు మధ్య. పొద్దున 11.30కి మరీ తొందర, ఆరు దాటితే ఇక రాత్రి నిద్ర పట్టదు. కార్డు వివరాలు అడుగుతారు. చివరి నిమిషంలో మానేస్తే కొంత డబ్బు కోసుకుంటారు కాబట్టి రద్దు నిబంధనలు చదివే నొక్కండి.

ఇక తిండి సంగతి. మామూలు స్టాండులో హామ్, పొగబెట్టిన సాల్మన్ చేప, చికెన్, గుడ్డు అన్నీ ఉంటాయి. కొన్నిచోట్ల బీఫ్ శాండ్‌విచ్ కూడా పెడతారు. వెజిటేరియన్ మెనూ అన్ని మంచి చోట్లా ఉంది, అదే ధర. కానీ బ్రిటన్‌లో వెజిటేరియన్ అంటే గుడ్డు తింటారనే అర్థం. శాండ్‌విచ్‌లో ఎగ్ మయొనైజ్ పెట్టి ఇస్తారు, అందులో తప్పేమీ లేదనుకుంటారు. కేకులు దాదాపు అన్నిట్లో గుడ్డు ఉంటుంది. స్కోన్ పిండిలో లేకపోయినా, పైన మెరుపు కోసం గుడ్డు సొన పూస్తారు.

కాబట్టి గుడ్డు తినని ఇంటి పెద్దలు వస్తున్నారంటే, బుకింగ్‌లోని ఖాళీలో ఈ నాలుగు మాటలు ఇంగ్లీషులో స్పష్టంగా రాయండి: మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు, జెలటిన్ వద్దు. పాలు, వెన్న, క్రీమ్ పర్లేదని కూడా రాయండి. అది రాయకపోతే నేరుగా పాలపదార్థాలు కూడా లేని వీగన్ మెనూ ఇచ్చేస్తారు, అప్పుడు క్లాటెడ్ క్రీమ్ పోతుంది, అది లేని స్కోన్ సగం స్కోనే. జెలటిన్ అనేది పశువుల ఎముకలు, చర్మం నుంచి తీసే పదార్థం. మూస్, జెల్లీ, మార్ష్‌మాలోల్లో వాడతారు. చూడటానికి మామూలు స్వీటే, అందుకే అడిగి తెలుసుకోవాలి. కొన్ని కేకుల్లో రమ్మో, బ్రాందీయో వేస్తారు, అదీ అడగండి. చాలాచోట్ల ఇలాంటి మార్పులకి ఒకటి రెండు రోజుల ముందే చెప్పమంటారు. వెళ్లాక చెప్తే వాళ్లు చేయగలిగింది తక్కువ. టేబుల్ దగ్గర కూర్చోగానే ఇంకోసారి గుర్తు చేయడం మర్చిపోవద్దు.

ఏం వేసుకోవాలి, ఎలా వెళ్లాలి

రిట్జ్‌లో మగవాళ్లు జాకెట్, టై వేసుకోవాలి. జీన్స్, స్పోర్ట్స్ షూస్ రానివ్వరు. మిగతాచోట్ల ఇంత పట్టింపు లేదు. శుభ్రమైన షర్టు, ప్యాంటు, మంచి బూట్లు చాలు. ఆడవాళ్లకి చీర కంటే మంచి డ్రెస్ ఏముంటుంది? పట్టుచీర కట్టుకుని వెళ్లండి, ఆ హాలుకే అందం వస్తుంది. కొంగు మాత్రం టీపాట్ మూతికి తగలకుండా ఒళ్లోకి సర్దుకోండి.

పొద్దున తేలికగా టిఫిన్ చేసి, మధ్యాహ్నం భోజనం మానేసి వెళ్లాలి. తిండి చూడటానికి బొమ్మల కొలువులా చిన్నచిన్నగా ఉన్నా, వెన్న, క్రీమ్, చక్కెర కలిసి కడుపు త్వరగానే నిండుతుంది.

టీ ఎంచుకోవడం

కూర్చోగానే టీ మెనూ చేతికిస్తారు. చాలామంది చూడకుండానే ఇంగ్లిష్ బ్రేక్‌ఫాస్ట్ అనేస్తారు. ఆగండి. ఐదు నిమిషాలు తీసుకోండి, ఎవరూ తొందరపెట్టరు.

మన ఇళ్లలో వాడే టీపొడి దాదాపు అంతా సీటీసీ. 1930లలో అస్సాంలో వచ్చిన పద్ధతి అది. ఆకును పళ్లున్న రోలర్ల మధ్య నలిపి, చించి, చిన్న గింజలుగా చుట్టేస్తారు. నీళ్లు తగలగానే రంగు దిగుతుంది, పాలల్లో మరిగించినా రుచి నిలబడుతుంది. అల్లం, యాలకులు వేసుకునే టీకి అదే సరైనది. టీరూములో ఇచ్చేది ఎక్కువగా ఆర్థడాక్స్ ఆకు. కోసిన ఆకును వాడనిచ్చి, మెలితిప్పి, గాలికి రంగు మారనిచ్చి, ఆరబెడతారు. దాన్ని మరిగించకూడదు. వేడినీళ్లలో మూడు నాలుగు నిమిషాలు నాననిచ్చి వడకడతారు. రుచి నెమ్మదిగా తెలుస్తుంది, ఒక్కో తోటది ఒక్కోలా ఉంటుంది.

మెనూలో కనిపించే ముఖ్యమైనవి ఇవి. అస్సాం గాఢంగా, కొంచెం తియ్యని ధాన్యపు వాసనతో ఉంటుంది, పాలు తట్టుకుంటుంది. డార్జిలింగ్ మార్చి, ఏప్రిల్ నెలల్లో కోసిన ఫస్ట్ ఫ్లష్ లేతగా, పూలవాసనతో ఉంటుంది, దానిలో పాలు పోస్తే వాసనంతా పోతుంది. మే, జూన్‌లో కోసిన సెకండ్ ఫ్లష్ ఇంకొంచెం చిక్కగా, పండిన ద్రాక్ష రుచితో ఉంటుంది. సిలోన్ చురుగ్గా ఉంటుంది, నిమ్మచెక్కకి బాగుంటుంది. ఎర్ల్ గ్రే అంటే బర్గమాట్ అనే నిమ్మజాతి పండు నూనె కలిపిన టీ. 1830లలో బ్రిటన్ ప్రధానిగా చేసిన ఎర్ల్ గ్రే పేరు దానికి. లాప్సాంగ్ సూషాంగ్ చైనాది, పైన్ కట్టె పొగలో ఆరబెట్టినది. కొందరికి ప్రాణం, కొందరికి అసలు పడదు. ముందు ఆకు వాసన చూపించమని అడగండి, చూపిస్తారు.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. చాలాచోట్ల టీ మార్చుకోవచ్చు, దానికి వేరే డబ్బు ఉండదు. ముందు ఒకటి తాగి, స్కోన్లు వచ్చాక ఇంకో పాట్ అడగొచ్చు. మెనూలో రాయకపోయినా మర్యాదగా అడగండి. నేను శాండ్‌విచ్‌లకి డార్జిలింగ్ సెకండ్ ఫ్లష్ చెప్తాను, పాలు లేకుండా. స్కోన్ల దగ్గరికి వచ్చాక అస్సాం, కొంచెం పాలతో. ఆ క్రీమ్ జిడ్డును కోయాలంటే గట్టి టీ ఉండాలి. కేకులకి ఎర్ల్ గ్రే. నలుగురు వెళ్తే నలుగురూ నాలుగు రకాలు చెప్పి తలా కొంచెం రుచి చూడండి, పాట్ ఎవరిది వాళ్లకే విడిగా వస్తుంది.

మా అత్తయ్యగారిని మొదటిసారి తీసుకెళ్లినప్పుడు డార్జిలింగ్ ఒక గుక్క తాగి, కప్పు కింద పెట్టి, "ఏమ్మా, ఇది టీయా, వేడినీళ్లా?" అన్నారు. "అత్తయ్యా, మీకు వేరే చెప్తాను ఉండండి" అని అస్సాం తెప్పించాను. ఐదు నిమిషాలు పూర్తిగా నాననిచ్చి, పాలు వేడిచేసి తెమ్మన్నాను. వాళ్లు మామూలుగా చల్లటి పాలే తెస్తారు, అడిగితే వేడివి తెస్తారు. రెండు చెంచాల పంచదార వేశాక ఆవిడ ముఖం విప్పారింది. పెద్దవాళ్లని తీసుకెళ్తే అస్సాం, వేడి పాలు, ఐదు నిమిషాలు అనే మూడూ గుర్తుపెట్టుకోండి. వాళ్లకి తమ టీ దొరికాక, మీ కప్పులోంచి ఒక గుక్క డార్జిలింగ్ వాళ్లే అడిగి తాగుతారు.

పోయడం, కలపడం, తాగడం

టీపాట్ వచ్చాక ఒక ప్రశ్న అడగండి: ఆకు లోపలే ఉందా, తీసేశారా? కొన్నిచోట్ల వంటగదిలోనే సమయం చూసి వడకట్టి తెస్తారు. అలాగైతే ఎప్పుడైనా పోసుకోవచ్చు. ఆకు లోపలే ఉంటే మూడు నాలుగు నిమిషాలకి మొదటి కప్పులన్నీ పోసేయండి. వదిలేస్తే వగరెక్కిపోతుంది. పక్కన వేడినీళ్ల జగ్గు పెడతారు. చిక్కబడిందనిపిస్తే కప్పులో కొంచెం నీళ్లు కలుపుకోవడానికి, పాట్‌లో రెండోసారి పోసుకోవడానికి అది. మంచి ఆకు రెండోసారి నానబెట్టినా రుచినిస్తుంది.

కప్పు మీద వెండి స్ట్రెయినర్ పెట్టి పోస్తారు. పోశాక అందులో మిగిలిన ఆకును ఒకసారి దగ్గరగా చూడండి. పొడిగా ఉన్నప్పుడు నల్లగా, సన్నగా మెలితిరిగి ఉన్నది నీళ్లలో విచ్చుకుని రాగిరంగు ఆకైపోయి ఉంటుంది. మొక్క మీద ఉన్నప్పటి రంపపు అంచు కూడా కొన్నిట్లో తెలుస్తుంది. ఫస్ట్ ఫ్లష్ అయితే ఇంకా పచ్చదనం కనపడుతుంది. మన పొడిలో ఇది ఎప్పటికీ కనిపించదు.

పాలు ముందా, టీ ముందా అని అక్కడివాళ్లు తరాలుగా వాదించుకుంటూనే ఉన్నారు. మీరు టీ ముందు పోయండి. రంగు చూసి ఎన్ని పాలు కావాలో తెలుస్తుంది, కారణం అంతే. నిమ్మకాయ వేసుకుంటే పాలు వద్దు, విరిగిపోతాయి. ముందు ఏమీ కలపకుండా ఒక గుక్క తాగి చూడండి, ఆ తర్వాత పంచదార.

కలిపేటప్పుడు చెంచా కప్పు గోడలకి టంగుమని తగలకుండా ముందుకీ వెనక్కీ మెల్లగా కదపాలి. చెంచాను సాసర్‌లో పెట్టేయాలి, కప్పులో వదిలేసి తాగకూడదు. సాసర్‌లో పోసుకుని తాగడం ఇక్కడ చేయకండి. చిటికెనవేలు పైకెత్తి తాగాలనేది సినిమాల్లో నేర్పిన మాట, అసలు పద్ధతిలో అది లేదు. టేబుల్ ఎత్తుగా ఉంటే సాసర్‌ని అక్కడే వదిలి కప్పు ఒక్కటే ఎత్తండి. సోఫాలో కూర్చుని టేబుల్ మోకాళ్ల కిందికి ఉంటే సాసర్‌తో సహా ఎత్తండి.

స్టాండు: ఉప్పగా ఉన్నవి ముందు

వరస ఒకటే: శాండ్‌విచ్‌లు, తర్వాత స్కోన్లు, చివర్లో కేకులు. చాలాచోట్ల శాండ్‌విచ్‌లు కింది పళ్లెంలో ఉంటాయి, అక్కడి నుంచి పైకి వెళ్లడమే. పళ్లేల అమరిక మారినా వరస మాత్రం మారదు. తీపి ముందు తింటే టీ రుచీ పోతుంది, శాండ్‌విచ్ రుచీ పోతుంది.

శాండ్‌విచ్‌లు వేలెడు పొడుగు, రెండు వేళ్ల వెడల్పు, అంచులు కోసేసి ఉంటాయి. చేత్తోనే తినాలి. కీరదోస శాండ్‌విచ్‌ని చూసి ఇంతేనా అనుకోవద్దు. కీరాను కాగితమంత పల్చగా తరిగి, ఉప్పు రాసి నీరు వదలనిచ్చి, బ్రెడ్డు తడవకుండా అంచుల దాకా వెన్న పూసి చేస్తారు. బాగా చేసినచోట పంటికింద చల్లగా కరకరలాడుతుంది. వంటగది ఎంత శ్రద్ధగా ఉందో దాంతోనే తెలిసిపోతుంది. కారొనేషన్ చికెన్ అనేది 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం విందుకి తయారుచేసిన వంటకం. మయొనైజ్‌లో కూరపొడి వేసి చేస్తారు. మన నాలుకకి చప్పగా, తియ్యగా అనిపిస్తుంది, కానీ చరిత్ర కోసం ఒక ముక్క తినండి.

పెద్ద హోటళ్లలో శాండ్‌విచ్‌లు అయిపోతే మళ్లీ తెస్తారు. ఆ సంగతి ముందే అడిగి తెలుసుకుని, మీకు నచ్చిన రకమే ఇంకోసారి చెప్పండి. వెయిటర్‌ని పిలవడానికి చప్పట్లు, చిటికెలు వద్దు. అటు వచ్చినప్పుడు చూపు కలిపితే చాలు, వచ్చేస్తారు.

స్కోన్ దగ్గర తొందరపడొద్దు

స్కోన్లు వేడిగా, బట్టలో చుట్టి వస్తాయి. ఒకటి మామూలుది, ఒకటి ఎండుద్రాక్షది. స్టాండుతో పాటే వచ్చేసి చల్లారిపోతుంటే, శాండ్‌విచ్‌లు అయ్యాక వేడివి తెమ్మని అడగండి.

క్లాటెడ్ క్రీమ్ అంటే ఏంటో మనకి వివరించనక్కర్లేదు. చిక్కటి పాలు సన్నసెగన గంటలు గంటలు కాగాక కట్టిన మందపాటి మీగడ అనుకోండి. పైన లేత బంగారు రంగు పొర కూడా అలాగే ఉంటుంది. కార్నిష్ క్లాటెడ్ క్రీమ్‌లో కొవ్వు కనీసం 55 శాతం ఉండాలి. ఆ పేరుకి 1998 నుంచి యూరప్ చట్టం రక్షణ ఉంది, అంటే ఇంగ్లండ్ నైరుతి మూలనున్న కార్న్‌వాల్‌లో చేసినదానికే ఆ పేరు పెట్టాలి.

స్కోన్‌ని కత్తితో కోయకండి. నడుం దగ్గర సన్నటి పగులు ఉంటుంది, అక్కడ రెండు చేతులతో పట్టుకుని మెల్లగా విప్పితే రెండు చెక్కలవుతుంది. లోపల్నుంచి వెన్న వాసనతో ఆవిరి వస్తుంది. జామ్, క్రీమ్ ముందు మీ పళ్లెంలోకి వేసుకోవాలి, అందరికీ పెట్టిన గిన్నెలోంచి నేరుగా స్కోన్‌కి పూయకూడదు. ఇప్పుడు ఏది ముందు? కార్న్‌వాల్ పక్కనున్న డెవన్ వాళ్లు క్రీమ్ ముందు, పైన జామ్ అంటారు. కార్న్‌వాల్ వాళ్లు జామ్ ముందు అంటారు. నేను కార్న్‌వాల్ పక్షం. స్కోన్ వేడిగా ఉన్నప్పుడు క్రీమ్ ముందు పూస్తే కరిగి జారిపోతుంది. జామ్ పొర అడ్డుంటే క్రీమ్ చల్లగా, గట్టిగా నిలబడుతుంది. రెండు చెక్కల్ని మళ్లీ మూసి బర్గర్‌లా కొరకొద్దు. ఒక్కో చెక్క విడిగా తినాలి. ఒక కొరుకు తిని, వెంటనే ఒక గుక్క అస్సాం తాగి చూడండి. మొత్తం ఆఫ్టర్‌నూన్ టీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన క్షణం అదే.

కేకులు, మిగిలినవి

ఇక్కడికి వచ్చేసరికి కడుపు నిండిపోతుంది. అందమైనవి కాబట్టి ఫొటో తీసుకోండి, ఫోర్కుతో తినండి, నలుగురూ సగం సగం పంచుకోండి. మిగిలినవి పెట్టెలో పెట్టి ఇవ్వమంటే చాలాచోట్ల సంతోషంగా ఇస్తారు. అడగడానికి మొహమాటపడొద్దు, అక్కడివాళ్లూ అడుగుతారు. క్రీమ్ ఉన్నవి ఆ సాయంత్రమే తినేయాలి. పిల్లలకి విడిగా తక్కువ ధరకి చిల్డ్రన్స్ టీ ఉంటుంది, టీ బదులు హాట్ చాక్లెట్ ఇస్తారు.

మధ్యలో లేచి వెళ్లాల్సి వస్తే న్యాప్‌కిన్ కుర్చీలో పెట్టండి. ముగిశాక పళ్లేనికి ఎడమపక్క, మడతపెట్టకుండా వదిలేయండి.

బిల్లు

లండన్‌లో బిల్లుకి సర్వీస్ చార్జి అనే పేరుతో సాధారణంగా 12.5 శాతం, కొన్నిచోట్ల ఇంకొంచెం ఎక్కువ, ముందే కలిపేస్తారు. అది ఉంటే వేరే టిప్పు అక్కర్లేదు. చాలాచోట్ల అది ఐచ్ఛికమే. సేవ నిజంగా బాగోలేకపోతే తీసేయమని అడగొచ్చు, తీసేస్తారు. బిల్లులో ఆ గీత ఉందో లేదో ఒకసారి చూసే కార్డు పెట్టండి.

లేచే ముందు

మీకు నచ్చిన టీ పేరు, వీలైతే తోట పేరు, ఫోన్‌లో రాసుకోండి. ఆ సాయంత్రం డిన్నర్ ప్లాన్ పెట్టుకోవద్దు. పికడిల్లీలో టీ తాగి ఉంటే పక్కనే గ్రీన్ పార్క్ ఉంది, ఒక అరగంట నడవండి. ఓపిక ఉంటే స్ట్రాండ్‌లో 216వ నంబరు దగ్గర ట్వైనింగ్స్ దుకాణానికి వెళ్లండి. 1706 నుంచి అక్కడే ఉంది, ఇరుకుగా, పొడుగ్గా సందులా ఉంటుంది. విడి ఆకు కావాలని అడగండి. సూట్‌కేసులో బరువు కాదు, ఊళ్లో ఇవ్వడానికి కీచైన్ల కంటే మంచి బహుమతి.

ఇంటికెళ్లాక చేసుకోవడం కూడా తేలికే. 200 మిల్లీలీటర్ల నీళ్లకి ఒక టీస్పూన్ నిండుగా ఆకు, అంటే రెండు గ్రాముల పైన. నీళ్లు అప్పుడే మరిగినవై ఉండాలి, మళ్లీ మళ్లీ కాచినవి పనికిరావు. ముందు పాట్‌లో కాసిని వేడినీళ్లు తిప్పి పారబోసి, ఆకు వేసి, నీళ్లు పోసి మూతపెట్టండి. డార్జిలింగ్‌కి మూడు నిమిషాలు, అస్సాంకి నాలుగైదు. పాట్ లేకపోతే మూత ఉన్న స్టీలు గిన్నె అయినా సరిపోతుంది. సమయం అవ్వగానే మొత్తం వడకట్టేయండి. మిగిలిన ఆకు డబ్బాని పోపుల పెట్టెకి, ఇంగువకి దూరంగా పెట్టండి, టీ ఆకు పక్కనున్న ఏ వాసననైనా లాగేసుకుంటుంది.